టై కట్టుకున్న ఆయన, మా దాదీ

మొన్న పన్ను నొప్పి భరించలేక డాక్టరు దగ్గరికి వెళ్లాను. పిలుపు వచ్చేదాకా కాలక్షేపానికి బల్లమీద నాలుగు పుస్తకాలు పడేసి ఉంచారు. పైనున్న పుస్తకం అట్టమీద ఒక పెద్దమనిషి టై కట్టుకుని, చేతులు కట్టుకుని, నా వైపే చూసి నవ్వుతున్నాడు. జీవితంలో ఎలా పైకి రావాలో చెప్పే పుస్తకం అది. ఆయన్ని చూడగానే నాకూ నవ్వొచ్చింది. పాత చుట్టం మరి. నాకు సగం జుట్టు నెరిసిపోయింది, ఆయనకు మాత్రం ఒక్క వెంట్రుకా నెరవలేదు. పక్కన కూర్చున్నావిడ, దవడ వాచినదానికి నవ్వెలా వస్తోందా అన్నట్టు చూసింది. ఆయనతో నాకూ, మా నాన్నమ్మ దాదీకీ ఒక వేసవంతా స్నేహమని ఆవిడకు ఎక్కడ చెప్పను?

అప్పట్లో మేము వన్ టౌన్లో, గోతాల గొడౌను మీది మేడలో ఉండేవాళ్లం. అబ్బా అంటే మా నాన్న. ఆయనా, ఆయన అన్నగారూ కలిసి పాత గోతాల వ్యాపారం చేసేవారు. ఆ అన్నగారిని నేను పెద్దబ్బా అనేదాన్ని. మిల్లులవాళ్లూ కొట్లవాళ్లూ వాడి పడేసిన గోనెసంచుల్ని కొని, దులిపించి, చిరుగులు కుట్టించి మళ్లీ అమ్మడమే మా వ్యాపారం. దులపడం కింద కూలీల పని, కుట్టడం పైన ఆడవాళ్ల పని. చేతిలో దబ్బనం, ఒళ్లో పురికొస ఉండలు, చుట్టూ గోతాల దొంతులు. మిరపకాయల గోతాలు వచ్చిన రోజు ఇల్లంతా తుమ్ములే. బెల్లం గోతాలు వస్తే చీమలు. పసుపువి వస్తే మా అమ్మీ చేతులు నాలుగు రోజులు పెళ్లికూతురి చేతుల్లా ఉండేవి. మేము తినే అన్నంలో, కప్పుకునే దుప్పట్లో, నా జడలో, ఎక్కడ చూసినా గోనె పీచే.

ఆ ఏడు నేను పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయ్యాను. అబ్బా బందరు లడ్డూలు తెచ్చి వీధంతా పంచాడు. నా నోట్లో లడ్డూ ఇంకా కరగలేదు, పెద్దబ్బా నా నెత్తిమీద చెయ్యి వేసి, "బాగా చదివావు బేటీ. ఇంక చాలు" అన్నాడు.

అంతే. ఆయన చెడ్డవాడేం కాదు. నాకు పలకా బలపం కొనిపెట్టింది కూడా ఆయనే. కానీ ఆడపిల్లల కాలేజీ కాలువ అవతల ఉంది, బస్సెక్కి వెళ్లాలి, బస్సులో ఎవరు ఏమంటారో, బజార్లో ఎవరు ఏమనుకుంటారో. ఆయన భయాలు ఆయనవి. ఆయన మాటకు మా ఇంట్లో ఎదురు లేదు. మా అబ్బా అన్నగారి ముందు కుర్చీలో కూడా కూర్చునేవాడు కాదు, ఇంక నోరేం విప్పుతాడు? అమ్మీ నా వైపు ఒకసారి చూసి, తల దించుకుని దబ్బనంలోకి పురికొస ఎక్కించుకుంది. మరునాటినుంచి నా చేతికీ ఒక దబ్బనం ఇచ్చారు.

రోళ్లు పగిలే ఎండలు. వీధివైపు కిటికీకి పావురాలు రాకుండా ఇనుప వల కొట్టించారు. దాని సందుల్లోంచి నాకు వీధి చిన్న చిన్న గళ్లుగా కనబడేది. ఒక గడిలో తోపుడుబండి చక్రం, ఒక గడిలో ఎవరిదో తలమీది మూట. నాతో చదివిన పిల్లలు కాలేజీ అప్లికేషన్లు తెచ్చుకోవడానికి వెళ్తూ కిందనుంచి చెయ్యి ఊపేవాళ్లు. నేను ఊపేదాన్ని కాదు. దబ్బనం గోతాంలో గుచ్చి బయటికి లాగిన ప్రతిసారీ, ఇలాగే కుడుతూ కుడుతూ ఇక్కడే ముసలిదాన్నయిపోతానని గుండె బరువెక్కేది. ఏడిస్తే గోనె దుమ్ము కళ్లలో పడిందనేదాన్ని. ఎవరూ నమ్మకపోయినా ఎవరూ అడిగేవాళ్లు కారు.

ఆ రోజుల్లోనే దాదీకి చక్కెర జబ్బు బయటపడింది. రోజూ సాయంత్రం నడవకపోతే కాళ్లు పోతాయని డాక్టరు బెదిరించాడు. ఒక్కత్తే వీధిలోకి వెళ్లడం ఆవిడ పుట్టి బుద్ధెరిగి ఎరగదు. అమ్మీకి వంట పని. అబ్బాకి, పెద్దబ్బాకి గొడౌను పని. మిగిలింది నేను. ఆ విధంగా ఆవిడ జబ్బు పుణ్యమా అని నాకు మెట్లు దిగే యోగం పట్టింది. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక బయల్దేరాలి, పొద్దుగూకాక వచ్చే మగ్రిబ్ అజా వినపడేలోగా ఇంట్లో ఉండాలి. అదీ ఏర్పాటు.

దాదీ పుట్టిల్లు చల్లపల్లి దగ్గర. ఆవిడకు కోపమొస్తే తెలుగు, ముద్దొస్తే ఉర్దూ. ఎక్కువగా తెలుగే వచ్చేది. వినడానికి, తిట్టడానికి రెండు భాషలూ ఉన్నాయి గానీ, చదవడానికి ఖురాను అక్షరాలు తప్ప తెలుగు ఒక్క ముక్క రాదు. నల్ల బురఖా వేసుకుని, నా భుజం పట్టుకుని, దారిలో జీళ్లమ్మేవాడి దగ్గర ఆగి ఒక జీడి నోట్లో వేసుకుని, "మీ అబ్బాకి చెప్పావంటే చూడు" అనేది. చక్కెర జబ్బుకని నడుస్తూ జీళ్లు తినే మనిషిని నేను ఆవిణ్ణే చూశాను.

రెండు మలుపులు తిరిగేసరికి ఆవిడ మోకాళ్లు మొరాయించేవి. సరిగ్గా అక్కడే శాఖా గ్రంథాలయం ఉంది. మొదటి రోజు గుమ్మంలోంచి చూస్తే లోపల ఫ్యాను గిర్రున తిరుగుతోంది. "ఇది ఎవరిల్లే?" అంది దాదీ. "ఇల్లు కాదు దాదీ, లైబ్రరీ. ఎవరైనా కూర్చోవచ్చు" అన్నాను. ఫ్యాను కోసం లోపలికి వచ్చింది. ఒక మూల బల్లమీద 'స్త్రీలకు మాత్రమే' అని బోర్డు ఉంది. దానిమీద పేపరు చదువుకునే మగవాళ్ల గొడుగులు, కూరగాయల సంచులు, ఒక టిఫిను క్యారేజీ ఉన్నాయి. మమ్మల్ని చూసి లైబ్రేరియన్ గారు లేచి గబగబా అవన్నీ తీయించాడు. "కూర్చోండమ్మా, ఇది మీ బల్లే. మీరు రాకే ఇలా అయింది" అన్నాడు. పాత కాగితాల వాసన, కలరా ఉండల వాసన. నాకు ఆ గదిలో చాలా రోజుల తర్వాత ఊపిరాడింది.

దాదీ షరతు ఒక్కటే. "నువ్వేం చదివినా నాకు వినపడాలి. ప్రేమలు, లేచిపోవడాలు ఉన్నాయనుకో, లైబ్రరీ బందు." పైకి చదివితే పేపరు చదివే పెద్దలు విసుక్కున్నారు. లైబ్రేరియన్ గారు మమ్మల్ని బల్లతో సహా వెనకకి, పాత పేపర్ల బైండ్ల మధ్యకి మార్చాడు. నవలలు వద్దని నేను నసుగుతుంటే విషయం గ్రహించి, ఒక బీరువా తెరిచాడు. "ఇవి తీసుకోమ్మా. వ్యక్తిత్వ వికాసం. ఉద్యోగాల కుర్రాళ్లు ఎగబడి తీసుకెళ్తారు. ఆడపిల్లలెవరూ అడగరు. పెద్దావిడ వినడానికి బాగుంటాయి." అలా మా చేతికి వచ్చాడు టై కట్టుకున్న ఆయన.

దాదీకి ఆయన తెగ నచ్చాడు. మధ్య మధ్య పిట్టకథలు చెప్తాడు, హితవు చెప్తాడు, తిట్టడు. కానీ ఊరికే ఒప్పుకునే మనిషి కాదావిడ. "తెల్లవారుజామున నాలుగింటికి లేవండి, లోకం నిద్రపోతుంటే మీ పని మొదలుపెట్టండి" అని చదివానా, ఆపమని చెయ్యెత్తింది.

"లేచాక ఆయనకి టీ ఎవరు పెట్టిస్తారంట?"

"రాయలేదు దాదీ."

"రాయడు. ఆవిడ ఇంకా ముందే లేవాలిగా. ఆ సంగతి రాయడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. సర్లే, చదువు."

కొత్తవారిని కలిసినప్పుడు గట్టిగా చెయ్యి కలపండి అన్నాడు. దాదీ నా చేతిమీద తట్టి, "ఇది మనకి కాదు, తిప్పు" అంది. దారిలో ఎదురైన ప్రతివారినీ చిరునవ్వుతో పలకరించండి అన్నాడు. "మన వీధిలోనా? వారం తిరక్కుండా మీ అబ్బా ఇల్లు మార్చాల్సొస్తది. తిప్పు." నెలకొకసారి ఒంటరిగా ఏదైనా ఊరు వెళ్లిరండి అన్నాడు. దానికి దాదీ ఏమీ అనకుండా తానే పేజీ తిప్పేసింది. ఎదుటివారి కళ్లలోకి సూటిగా చూస్తూ మాట్లాడండి అన్నది మాత్రం నేను ఆవిడకు తెలియకుండా పెద్దబ్బా మీద ప్రయోగించాను. "ఏంటా చూపు? ఫస్టు క్లాసు వచ్చేసరికి కళ్లు నెత్తికెక్కాయా?" అన్నాడాయన. అలా మాకు పనికిరానివి తిప్పుకుంటూ పోతే, అంత లావు పుస్తకంలోనూ పట్టుమని పది పేజీలు మిగిలేవి కావు. మాకోసం ఎవరూ రాయలేదని నాకు ఉక్రోషంగా ఉండేది. దాదీకి ఆ బాధ లేదు. మిగిలినవాటితోనే సరిపెట్టుకునేది.

ఆ మిగిలినవి పనికొచ్చాయి కూడా. పని మొదలుపెట్టే ముందు దాన్ని రకాలుగా విడదీసుకోండి అని ఒకచోట ఉంది. మర్నాడు పొద్దున్నే దాదీ గోతాల దొంతి ముందు కూర్చుని, చిన్న చిరుగులవి ఒకవైపు, పెద్దవి ఒకవైపు, ఇంక అతుకులకి తప్ప పనికిరానివి ఒకవైపు వేయించింది. మధ్యాహ్నం నమాజుకల్లా పని అయిపోయి అమ్మీ కాసేపు నడుం వాల్చింది. మా ఇంట్లో పగటిపూట అమ్మీ పడుకోవడం నేను మొదటిసారి చూడటం అదే. "టై కట్టుకున్నా పని తెలిసినవాడే" అని దాదీ ఆయనకు కితాబిచ్చింది.

ఇంకోరోజు, మీ భయాన్ని దాచుకోకండి, నమ్మకమైనవారితో పైకి చెప్పండి అని వచ్చింది. దాదీ కళ్లు మూసుకుని వింటోంది. "నీ భయం ఏంటో చెప్పు" అంది.

"నన్నింక చదివించరని" అన్నాను. "నీ భయం ఏంటి దాదీ?"

ఆవిడ ఫ్యాను వైపు, బీరువాల వైపు, పేపర్లు చదువుకునే మనుషుల వైపు చూసింది. "మళ్లీ వెళ్లి ఆ మెట్లెక్కాలిగా" అంది. మోకాళ్ల నొప్పుల గురించి అనుకున్నాను.

కాలేజీల్లో అప్లికేషన్ల గడువు దగ్గరపడుతోంది. ఇంట్లో ఆ ఊసు ఎత్తేవాళ్లు లేరు. ఒక సాయంత్రం ధైర్యం చేసి, పుస్తకంలో లేనిది ఉన్నట్టుగా చదివాను. దాదీకి తెలుగు చదవడం రాదు కదా, టై ఆయన నోట నా మాట పలికిద్దామని నా తెలివి. వేలితో వరసలు చూపిస్తూ, గొంతు గంభీరంగా పెట్టి, "ఆడపిల్ల చదువు మధ్యలో ఆపడమంటే, సగం కుట్టిన గోతాంలో ధాన్యం పోసినట్టే. పోసినదంతా దారిలో కారిపోతుంది" అన్నాను.

దాదీ కళ్లు తెరిచింది. "మళ్లీ చదువు."

మళ్లీ చదివాను. ఈసారి ధాన్యం బదులు బియ్యం అన్నాను. కారిపోవడం బదులు ఒలికిపోయింది.

"పుస్తకం రెండుసార్లు రెండు రకాలుగా పలకదు బేటీ" అంది దాదీ. నమాజు సూరాలన్నీ చిన్నప్పటినుంచీ చెవితోనే పట్టిన మనిషి. ఆ చెవిని నేను మర్చిపోయాను. "అయినా ఈయనకి గోతాల సంగతి ఎట్టా తెలుసు?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. లైబ్రరీ బందు అంటుందని చూశాను. అనలేదు. నా భుజం పట్టుకుని లేచింది. ఆ రోజు జీళ్లవాడి దగ్గర కూడా ఆగలేదు.

రెండు రోజుల తర్వాత సాయంత్రం పెద్దబ్బా, అబ్బా పైకి వచ్చి టీ తాగుతున్నారు. ఉల్లిపాయ పకోడీలు వేసింది అమ్మీ. దాదీ గోతాం కుడుతూ కుడుతూ, ఏదో వాతావరణం సంగతి చెప్పినట్టు అంది, "లైబ్రరీ పుస్తకంలో ఒక మంచి మాట రాశారురా. ఆడపిల్ల చదువు మధ్యలో ఆపడమంటే, సగం కుట్టిన గోతాంలో ధాన్యం పోసినట్టేనంట. పోసినదంతా దారిలో కారిపోద్దంట."

నా చేతిలో దబ్బనం జారిపోయింది. అయిదుపూటలా నమాజు చేసే మనిషి, చీమకైనా అబద్ధం చెప్పని మనిషి. పెద్దబ్బా పకోడీ నోటి దగ్గరే ఆపాడు. చదువు సంగతి ఆయన చెవికి ఎక్కలేదు. "గోతాల గురించి రాశారా? పుస్తకంలోనా?" అన్నాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. బియ్యం గురించి, బంగారం గురించి అందరూ రాస్తారు, పాత గోతాల గురించి ఎవరు రాస్తారు? "ఏదీ, రేపు ఆ పుస్తకం తీసుకురా బేటీ. బజార్లో అందరికీ చూపిస్తాను."

కుడితిలో పడ్డ ఎలుకలా అయింది నా పని. మర్నాడు దాదీతో వెళ్లి ఆ పుస్తకం ఇంటికి తెచ్చాను. "తేవద్దు దాదీ, ఎవరో తీసుకెళ్లిపోయారని చెబుదాం" అని దారంతా బతిమాలాను. "ఒక అబద్ధం చాలు" అంది.

పెద్దబ్బా కళ్లజోడు పెట్టుకుని గోతాల దొంతిమీద కూర్చుని మొదటి పేజీనుంచి మొదలుపెట్టాడు. మేమందరం కుట్లు కుడుతూనే ఉన్నాం. ఆయన చదువుతూ చదువుతూ ఒకచోట "భలే చెప్పాడు" అని పైకే నవ్వాడు. ఇంకోచోట తల ఊపాడు. పుస్తకం బాగుండి అసలు సంగతి మర్చిపోతాడేమోనని నాకు ఆశ పుట్టింది. కానీ వ్యాపారం చేసే మనిషి, మర్చిపోలేదు. ఆఖరి పేజీ తిప్పి, అట్ట మూసి, కళ్లజోడు తీశాడు.

"అమ్మా, ఇందులో గోతాం మాటే లేదు."

అమ్మీ దబ్బనం ఆగిపోయింది. అబ్బా నేల చూపులు చూస్తున్నాడు. చదివి వినిపించింది నేనే గనక పెద్దబ్బా చూపు నామీదికి తిరిగింది. "అది నేనే..." అని నోరు తెరిచాను. దాదీ నా మోకాలు గట్టిగా నొక్కింది.

"సరిగ్గా చూశావా?"

"మొత్తం చూశాను. లేదు."

"అయితే రాసినాయన మర్చిపోయుంటాడు" అంది దాదీ. "ఆయన రాయకపోతే మాట అబద్ధమైపోద్దా? నేను చెప్తున్నా విను. పిల్లని కాలేజీకి పంపు." ఆవిడ కళ్లు కొడుకు ముఖంమీదే ఉన్నాయి. "మీ నాన్న ఉన్నప్పుడు గానీ, పోయాక గానీ, ఇది కావాలని నేనెప్పుడైనా మిమ్మల్ని అడిగానంట్రా?"

"లేదమ్మా" అన్నాడు పెద్దబ్బా.

"ఇప్పుడడుగుతున్నా."

కింద గొడౌనులో గోతాలు దులుపుతున్న చప్పుడు వినపడుతోంది. అన్నగారి ముందు ఎన్నడూ నోరెత్తని మా అబ్బా, నేల చూస్తూనే, "కావాలంటే నేను రోజూ స్కూటర్ మీద దింపొస్తాను అన్నా" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయనకు చెమటలు పట్టాయి.

"సరే, వెళ్లనీ" అన్నాడు పెద్దబ్బా చివరికి. కానీ ఊరికే ఓడిపోవడం ఆయనకు చేతకాదు. "ఈ లైబ్రరీ తిరుగుళ్లు మాత్రం ఇక వద్దమ్మా. ఈ వయసులో మగాళ్ల మధ్య కూర్చుని పుస్తకాలు వింటున్నావని బజార్లో ఇప్పటికే అనుకుంటున్నారు. నా పరువు కూడా చూడాలి. నడకంటావా, డాబా మీద నడువు. గాలి బాగా వస్తుంది."

దాదీ పురికొస కొస నోటితో తెంపింది. "సరే" అంది.

నాకు ఆ సరే వినపడలేదు. మొదటి సరే దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. అమ్మీని పట్టుకుని ఏడ్చాను, నవ్వాను. ఆ సాయంత్రం మా ఇంట్లో ఏం కొన్నారో, ఎవరు చెల్లించారో ఆలోచించేంత జ్ఞానం నాకు లేదు. పుస్తకాన్ని అబ్బా వెళ్లి లైబ్రరీలో ఇచ్చేసి వచ్చాడు.

కాలేజీలో చేరాను. ఇంటరు, డిగ్రీ, ఆ తర్వాత ఉద్యోగం, అన్నీ వరసగా జరిగాయి. వాటి గురించి చెప్పడానికి ఏముంది, అందరివీ ఒకలాగే ఉంటాయి. చేరిన కొత్తలో జరిగిన ఒక్క సంగతి మాత్రం ఎన్నేళ్లయినా నన్ను వదలలేదు.

ఆ రోజు మధ్యాహ్నానికే వాన వెలిసి ఎండ కాసింది. ఆఖరి క్లాసు లేదని, అబ్బా స్కూటర్ కోసం ఆగకుండా బస్సెక్కి, దిగి ఒక్కదాన్నే నడిచి వస్తున్నాను. ఒంటరిగా వీధిలో నడవడం నాకింకా కొత్త, పుస్తకాలు గుండెకు హత్తుకుని, పండగకు వెళ్తున్నట్టు నడుస్తున్నాను. మా ఇల్లు కనబడగానే ఎందుకో తలెత్తాను. డాబా పిట్టగోడ మీదుగా ఒక నల్ల బురఖా కదులుతోంది. ఆ చివరిదాకా వెళ్లి ఆగింది. వెనక్కి తిరిగింది. మళ్లీ ఈ చివరికి వచ్చింది. ఎవరో చుట్టాలు వచ్చారనుకున్నాను.

మెట్లెక్కి పైకి వెళ్లాను. ఆరేసిన గోతాల మధ్య దాదీ. తలనుంచి పాదాల దాకా బురఖా. కాళ్లకు చెప్పులు కూడా ఉన్నాయి. మా ఇంట్లో చెప్పులు మెట్ల కిందే విడవాలి, ఆవిడ వాటిని చేత్తో పట్టుకుని పైకి తెచ్చుకున్నట్టుంది. అసర్ నమాజు అయిపోయిన వేళ.

"ఇదేంటి దాదీ, ఇంట్లోనే కదా ఉన్నావు? బురఖా ఎందుకు?"

ఆవిడ ఆగలేదు. గోడ దాకా వెళ్లి, తిరిగి వస్తూ, నాకేమీ తెలియదన్నట్టు నవ్వింది.

"బయటికెళ్లేటప్పుడు వేసుకోవద్దా మరి?" అంది.